కిటికీ కింద తప్పుపాట

మా ఊళ్ళో మా ఆయనకు పాట రాదని పేరు.

కోర్సికా దీవిలో మిగతా ఊళ్ళ సంగతి వేరు. అక్కడ మా ఆయన ఓర్సాంతు వచ్చాడంటే కుర్చీ తెచ్చి వేస్తారు. పండుగనాడు మొదటి పాట ఆయన చేతే పాడిస్తారు. వెళ్ళేటప్పుడు పొగలో ఎండిన పంది తునక ఒకటి సంచిలో పెట్టి మరీ పంపిస్తారు. మా పెట్రలుంగలో మాత్రం ఆయన గొంతు సవరించుకుంటే చాలు, కాఫీ కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు కప్పులు పట్టుకుని లోపలికి పోతారు.

"గొంతుంది పాపం. కాని ఏళ్ళ తరబడి పాడుతున్నాడు, ఒక్క పాటా సరిగ్గా రాలేదు" అని కొట్టు నడిపే మెమ్ము వచ్చినవాళ్ళకల్లా చెబుతాడు. రొట్టె కోసం నేను వెళ్ళి నిలబడితే నా ఎదురుగానే చెబుతాడు. నాకు ఒళ్ళు మండిపోతుంది. మా ఆయనేమో నవ్వుతాడు. మా సంసారమంతా ఇంతే, నేను మండటం, ఆయన నవ్వటం.

మా ఆయనకు రోడ్ల మీద గుంతలు పూడ్చే ఉద్యోగం. దీవిలో ఆయన తట్ట దించని ఊరు లేదు. ఒకే ఒక్క గుంతకు మూడేసి రోజులు పట్టిన ఊళ్ళున్నాయి. అంటే ఆ ఊళ్ళో పాటలు బాగా దొరికాయన్నమాట. ముసలివాళ్ళతోపాటు పాటలు కూడా మట్టిలోకి పోతున్నాయని ఆయన బెంగ. మా చిన్నప్పుడు బళ్ళో ఫ్రెంచి కాకుండా మా దీవి మాట ఒక్కటి నోట వస్తే గోడకేసి నిలబెట్టేవాళ్ళు. అలా నిలబడీ నిలబడీ ఆయనకు మొండితనం వచ్చిందని నా అనుమానం.

పెళ్ళయిన కొత్తల్లో పద్ధతిగానే అడిగేవాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, "అవ్వా, మీకు పాత పాటలేమైనా వచ్చా?" అని. మావాళ్ళను అలా అడిగితే ఇంకేముంది! "పాటలా? మాకెక్కడివి బాబూ. అదిగో, ఆ ఊళ్ళో అడుగు, వాళ్ళకు పనీపాటా లేదు" అనేవాళ్ళు. ఆ ఊరికి పోతే వాళ్ళు ఈ ఊరు చూపించేవాళ్ళు. ఆ తిరుగుళ్ళన్నిటా పాలు తాగే పందిపిల్లంత బరువున్న టేపు రికార్డరు మోసింది ఎవరనుకున్నారు? నేనే.

ఒకసారి చెస్ట్‌నట్ తోటల మధ్య ఉన్న ఏదో ఊళ్ళో, అలా అడిగీ అడిగీ విసిగి కాఫీ తాగుతున్నాం. ఆయన తనలో తానే ఒక కాపరి పాట కూనిరాగం తీస్తూ, తెలియక, మే నెలలో మందను కొండ దింపేశాడు. పక్కబల్ల దగ్గర పేకాడుతున్న ముగ్గురు ముసలాళ్ళు ముక్కలు కింద పడేశారు.

"మేలో దింపుతార్రా మందని? మేలో కొండెక్కిస్తారు!"

"ఎవర్రా వీడికి నేర్పింది? ఏ ఊరు నీది?"

"జరుగు, జరుగు. చెయ్యి చెవికి ఆనించి విను. ఇలా!"

ముగ్గురూ లేచి, భుజాలు భుజాలు ఆనించుకుని, ఆ పాట మొదటినుంచి చివరిదాకా పాడారు. మా ఆయనకు బుర్రకెక్కలేదేమోనని రెండోసారి పాడారు. నేను బల్ల కింద మీట నొక్కేశాను.

అంతే. ఆ రోజునుంచి మా ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. ఊళ్ళోకి వెళ్ళడం, తప్పుగా పాడడం, తిట్లు తినడం, పాట తెచ్చుకోవడం. నాలుగు వందల పన్నెండు పాటలు అలా వచ్చినవే. టేపుల్లో సగం పాట, సగం తిట్లు. వాటిని విని రాసుకునే చదువుకున్న అమ్మాయి ఒకామె, మన తిట్లలో కూడా ప్రాంతానికొక బాణీ ఉందని కనిపెట్టి మా ఆయనకు ఉత్తరం రాసింది. ఆయన దాన్ని పటం కట్టించాడు.

దిద్దించుకున్న పాటను ఆ ఊళ్ళోనే పండుగనాడు సరిగ్గా పాడి వినిపించేవాడు. అందుకే అక్కడ కుర్చీలు, పంది తునకలు. మరి సొంత ఊళ్ళో సరిగ్గా ఎందుకు పాడడంటారా? సవేరియా అవ్వ ఉంది కదా, అందుకు.

అవ్వకు తొంభై మూడు. మా ఊరి జోలపాట పూర్తిగా వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్ళం తప్పో ఒప్పో రెండు చరణాలు పాడి ఆగిపోతాం, ఆ తర్వాత "ఊఁ ఊఁ" అని సరిపెడతాం. పాటకు తొమ్మిది చరణాలని ఓర్సాంతు వాళ్ళ నాయనమ్మ వేళ్ళు మడిచి చెప్పేదట. అవ్వ చలికాలమంతా కింద బాస్టియాలో కూతురు లుక్రేసియా దగ్గర ఉంటుంది. ఎండలు ముదరగానే కొండమీది ఇంటికి వస్తుంది. ఆమె కిటికీ సరిగ్గా ఊరంతా నీళ్ళు పట్టుకునే ధార మీదికి ఉంటుంది. మా వంటింటి కిటికీ ఎదురుగా.

పద్నాలుగు వేసవులుగా, రోజూ సాయంత్రం నాలుగింటికి, మా ఆయన బిందె పట్టుకుని ధార దగ్గరికి వెళ్తాడు. ఇంట్లో కుళాయి ఉంది. అయినా వెళ్తాడు. బిందె నిండేలోపు జోలపాట అందుకుంటాడు.

"దేవదారు ఉయ్యాల చేయించినాడు మీ తాత..."

పైన కిటికీ రెక్క ఫెళ్ళున తెరుచుకుంటుంది.

"చెస్ట్‌నట్ రా గాడిదా! దేవదారుతో శవపెట్టె చేస్తారు! పిల్లను పడుకోబెడుతున్నావా, పాతిపెడుతున్నావా?"

"అలాగా అవ్వా? నాకు దేవదారనే గుర్తు."

"నీ మొహం గుర్తు! రెండో చరణం పాడు, అందులో ఏం తగలేస్తావో చూస్తా."

ఇలా. ఒక వేసవిలో మేనమామ చేత ఆగస్టు నెలలో బ్రోచ్చు జున్ను తెప్పించాడు. ఆగస్టులో గొర్రెలు వట్టిపోయి ఉంటాయని, బ్రోచ్చు కాదు కదా బూడిద కూడా దొరకదని అవ్వ అరగంట తిట్టింది. ఆ తిట్ల మధ్యలో నాలుగో చరణం మొత్తం దొరికింది. ఇంకో ఏడు, ఉయ్యాల్లో పిల్ల పెద్దదై పెళ్ళికూతురయ్యే చరణంలో, ఆమె కంచరగాడిదను అడ్డదారిన కాంపులారి ఊరు మీదుగా తోలాడు. ఆ ఊరికీ మాకూ మూడు తరాలుగా మాటల్లేవు. అప్పుడు అవ్వ ఒక చెప్పు విసిరింది. చెప్పూ దక్కింది, ఆరో చరణమూ దక్కింది.

ఆమె ఒక్కసారి మా ఆయన సరైన పాట వింటే ఈ ఆట సాగదు. అందుకని ఆయన పద్నాలుగేళ్ళూ పెట్రలుంగలో ఒక్క పాట కూడా సరిగ్గా పాడలేదు. తన చెడ్డపేరును చంటిబిడ్డలా కాపాడుకున్నాడు. నిజం తెలిసింది నాకొక్కదానికే. మెమ్ము వెటకారానికి రొట్టె తీసి నెత్తిన కొట్టకుండా ఎన్నిసార్లు ఆగానో నాకే తెలుసు.

ఈ ఏడు జూన్‌లో లుక్రేసియా అవ్వను దించి, నన్ను పక్కకు పిలిచింది. "దివోతక్కా, ఇదే ఆఖరు. ఈ మెట్లు ఇంక అమ్మ వల్ల కాదు. మరియమాత పండుగ చూసుకున్నాక మర్నాడే వచ్చి తీసుకెళ్ళిపోతాను" అంది.

మరియమాత పండుగంటే సెప్టెంబరు ఎనిమిది. మా ఆయన దగ్గర ఎనిమిది చరణాలున్నాయి. నోటుపుస్తకంలో తొమ్మిదోదానికి పుట ఖాళీగా ఉంది. దీవి అంతా తిరిగి ఊరూరి పాటా పోగుచేసిన మనిషి, తన ఊరి పాట దగ్గరికొచ్చేసరికి అసంపూర్ణంగా మిగిలిపోతాడేమోనని ఆయనకు నిద్ర పట్టేది కాదు. ఆయనకు పట్టకపోతే నాకూ పట్టదు, ఆ మంచం అలాంటిది.

ఇక మొదలుపెట్టాడు. ఎనిమిది చరణాలు పాత తప్పులతోనే పాడి, తొమ్మిదోది రోజుకొక కొత్త తప్పుతో వేశాడు. పిల్ల పెద్దదై బిషప్పు అవుతుందన్నాడు. కిటికీ పలకలేదు. పెళ్ళికి చంద్రుడు వచ్చి అప్పడిగాడన్నాడు. పలకలేదు. పెళ్ళి విందుకు తోడేలును పిలిచాడు. మా దీవిలో తోడేలన్నది లేదు, మా తాతలు కూడా చూడలేదు. మొదటి ఎనిమిదింటిలో తప్పుకు యథాప్రకారం గాడిదా, గొడ్డూ అన్నీ పడేవి. తొమ్మిదోదానికి వచ్చేసరికి కిటికీలో చడీచప్పుడూ ఉండేది కాదు.

"నాకు తప్పు కూడా సరిగ్గా పాడటం రావట్లేదు దివోతా" అన్నాడు ఒకరోజు, బిందె దించి.

"సూటిగా అడగరాదూ?"

గుడిలో హుండీ పగలగొట్టమన్నట్టు చూశాడు నన్ను. "అడిగితే నోరు మూసేస్తారే. అడిగి తెచ్చుకున్న పాట ఒక్కటి చూపించు నాకు."

చూపించలేను, నిజమే. 

ఆగస్టు చివర్లో ఒక మంగళవారం జోరున వాన. వద్దంటే వినకుండా వెళ్ళి, అవ్వ ఇంటి చూరు కింద నిలబడ్డాడు. ఆరోజు ఎర వేసే ఓపిక కూడా లేదు మనిషిలో. తొమ్మిదో చరణం దగ్గర నోటికొచ్చింది ఏదో పాడి, బిందె ఖాళీగానే తిరిగొచ్చాడు. నేను పొయ్యి మీద అత్తిపండ్ల పాకం కలుపుతూ విన్నాను. గరిటె పక్కన పెట్టేశాను, పాకం అడుగంటింది. ఏం పాడాడో ఇప్పుడే చెప్పను.

పండుగనాడు పూజ అయింది, మరియమాత ఊరేగింపు అయింది. అందరం చర్చి ముందు చేరాం. అవ్వను ముందు వరసలో, దిండు వేసిన కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పుడు బడి పంతులమ్మ లేసియా లేచింది. మంచి పిల్ల. పిల్లలకు మన భాషలోనే పాఠాలు చెబుతుంది.

"సవేరియా అవ్వ కోసం పిల్లలొక పాట దాచిపెట్టారు. ధార దగ్గర ఆడుకుంటూ వాళ్ళంతట వాళ్ళే నేర్చుకున్నారు. మన ఊరి జోలపాట, పూర్తిగా!"

ఏడుగురు పిల్లలు, చెవులకు చేతులు ఆనించి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు.

"దేవదారు ఉయ్యాల చేయించినాడు మీ తాత..."

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. పిల్లలు దేన్నీ వదల్లేదు. ఆగస్టులో బ్రోచ్చు తెచ్చారు. పెళ్ళికూతుర్ని కాంపులారి మీదుగా నడిపించారు. చివర్న తోడేలును పిలిచి విందు పెట్టారు. ఒక్క అక్షరం తడబడకుండా, గంటలు మోగినట్టు పాడారు. జనం ఈలలు, చప్పట్లు. "చూశావా, ఓర్సాంతుకన్నా పిల్లలు నయం!" అని మెమ్ము అరిచాడు.

"దివోతా" అన్నాడు మా ఆయన. పెదాలు తెల్లబడిపోయాయి. "నా తప్పులు నేర్చుకున్నారే వీళ్ళు. రేపు వీళ్ళ పిల్లలకూ ఇదే పాడతారు."

నలభయ్యేళ్ళు ఆయన తప్పులను ఎరగా విసిరాడు. అవి ఎవరి చెవిలోనైనా పడి మొలుస్తాయని ఒక్కనాడూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు. అవ్వ వైపు చూశాను. ఆమె నోరు తెరిచింది, మళ్ళీ మూసింది. ఏడేళ్ళ పిల్లలను గాడిదా అనలేం కదా. తల తిప్పి మా ఆయన కళ్ళలోకి చూసింది.

ఆయన నా చెయ్యి వదిలి ముందుకు నడిచాడు.

"చాలా బాగా పాడార్రా. కాని తప్పంతా నాది. ఒక్కసారి వినండి."

చెవికి చెయ్యి ఆనించాడు. చెస్ట్‌నట్ ఉయ్యాల దగ్గర మొదలుపెట్టాడు. నేను ఇన్నేళ్ళూ పరాయి ఊళ్ళలో మాత్రమే విన్న ఆ గొంతు మా చర్చి గోడలకు తగిలి మా మీదికే తిరిగొచ్చింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మెమ్ము చేతిలో గ్లాసుల పళ్ళెం ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఫాదర్ ఒళ్ళో పెట్టాడు. ఫాదర్ కూడా కాదనలేదు.

ఎనిమిది చరణాలయ్యాయి. ఆగిపోయాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, మా పెళ్ళయిన కొత్తల్లోలా.

"అవ్వా, తొమ్మిదోది నాకు రాదు. చెబుతావా? అడుగుతున్నాను."

"ఒరే, అడగడానికి పద్నాలుగేళ్ళు పట్టిందా నీకు?" అంది అవ్వ.

"వేసవంతా రోజుకొక రకంగా పాడాను. ఒక్కదాన్నీ దిద్దలేదు నువ్వు."

"తప్పుంటే కదరా దిద్దేది!"

ఎవరికీ అర్థం కాలేదు. అవ్వ కర్రతో నేల మీద పొడిచింది.

"తొమ్మిదోది ఉయ్యాల ఊపేవాళ్ళది. ఊపేవాళ్ళు ఆ పిల్లకు ఏది పాడితే అదే పాట. మా అమ్మ నాకొకటి పాడింది, నేను నా పెద్దదానికి ఇంకోటి పాడాను. అందులో తప్పెక్కడిది?"

"తోడేలు కూడానా?"

"తోడేలైతే ఏం? నేను ఏనుగును పాడాను. ఆ ఏడు సర్కసు వచ్చింది."

జనం గొల్లుమన్నారు. మా ఆయన నవ్వలేదు. "మరి ఒక్క మాట చెప్పచ్చు కదా అవ్వా! నిద్ర లేకుండా చచ్చాను."

"నువ్వు అడిగావా? నీ ఎత్తు నాకు మొదటి వేసవే తెలుసు. తప్పు పాడితే దిద్దుతానని నువ్వొచ్చావు. దిద్దితే మళ్ళీ వస్తావని నేను దిద్దాను." గొంతు కాస్త తగ్గించింది. "ఈ ఊళ్ళో నాతో పోట్లాడేవాళ్ళెవరు మిగిలార్రా? అందరూ 'బాగున్నావా అవ్వా' అని దాటిపోతారు. నాలుగైతే నా చెవులు నీ బిందె చప్పుడు కోసం చూసేవి."

మా ఆయన టోపీని నలిపేస్తున్నాడు. పక్కన ఎవరో ముక్కు చీదారు. మెమ్మే అయ్యుంటాడు.

"సరే గాని, వానరోజు పాడావే, అది బాగుంది. అది పాడు. పిల్లలు నేర్చుకుంటారు."

మా ఆయన జేబులోంచి నోటుపుస్తకం తీసి పుటలు తిప్పాడు. నాకు సంగతి తెలిసిపోయింది. ఈ మనిషి ఇతరులు దిద్దినవన్నీ రాసుకున్నాడు, తను పాడినది ఏనాడూ రాసుకోలేదు. "వానరోజు... ఏదో... కిటికీ అని..." తడుముకుంటున్నాడు. నుదురు కొట్టుకుంటున్నాడు. ఊరంతా చూస్తోంది.

నలభై ఒక్క ఏళ్ళు కాపురం చేశాను. ఈయన దగ్గరినుంచి పాట ఎలా రాబట్టాలో నాకు తెలియదా? లేచి, చెవికి చెయ్యి ఆనించి పాడాను. నా గొంతు మేక గొంతు, అయినా సరే.

"కిటికీ మూసినా వినిపించు వాన,
తలుపు మూసినా చొరబడు చలి,
నా పాట తప్పైతే, నా చిట్టితల్లీ,
పొగిడేవాళ్ళుండాలి నీకు నూరేళ్ళు..."

"పొగిడేవాళ్ళేమిటే గాడిదా!" అని మా ఆయన ఊరు ఊరంతా వినేలా అరిచాడు. "దిద్దేవాళ్ళు! దిద్దేవాళ్ళుండాలి నీకు నూరేళ్ళు!"

అన్నాక, తనేమన్నాడో తనకే వినపడింది. నన్ను చూశాడు, అవ్వను చూశాడు. అవ్వ కుర్చీలో వెనక్కి వాలి, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆయన మళ్ళీ అందుకుని ఆ చరణం మొత్తం పాడాడు. పిల్లలు వెనక పాడారు. ఇంటికొచ్చాక గాడిదా అన్నందుకు క్షమాపణ అడిగాడు. నేను ఇంకా ఇవ్వలేదు, దాచుకున్నాను.

మర్నాడు పొద్దున్నే లుక్రేసియా కారు వచ్చింది. అవ్వను ముందు సీట్లో కూర్చోబెట్టి, కాళ్ళ మీద కంబళి కప్పి, అందరం బుగ్గలు ముద్దుపెట్టుకున్నాం.  "బాగుండు అవ్వా" అని ఒకరి తర్వాత ఒకరు అంటున్నాం. ఆమె మొహం ముడుచుకుపోయి, ఎటో చూస్తూ కూర్చుంది. మా ఆయన ధార దగ్గరే నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. చేతిలో బిందె.

కారు కదిలింది. అప్పుడు ఆయన గొంతెత్తాడు.

"దేవదారు ఉయ్యాల చేయించినాడు మీ తాత..."

కారు అద్దం కిందికి దిగింది. తెల్ల తల బయటికొచ్చింది.

"చెస్ట్‌నట్ రా గాడిదా! పద్నాలుగేళ్ళుగా చెబుతున్నా, నీ బుర్రలో ఏముందిరా, ఊకా? లుక్రేసియా, మెల్లగా పోనీ! ఒరే, చెస్ట్‌నట్!"

రెండో మలుపు దాకా ఆ తిట్లు వినిపించాయి. మూడో మలుపు దగ్గర కూడా ఏదో వినపడిందని ఆయన అంటాడు. నేను జేబులో ఇప్పటి చిన్న రికార్డరు మీట నొక్కే ఉంచాను. లోపలికొచ్చాక మా ఆయన నోటుపుస్తకం తీసి, తొమ్మిదో చరణానికని ఖాళీగా ఉంచిన పుటలో ఆ తిట్లన్నీ వరసగా రాసుకున్నాడు.